కోల్‌కతా నుంచి సుందర్‌బన్స్‌కి సొంతంగా ఎలా వెళ్లాలి: సీల్దా నుంచి సజ్నేఖాలి దాకా

ప్యాకేజీ లేకుండా సుందర్‌బన్స్‌కి వెళ్లొచ్చా అని అడిగేవాళ్లు చాలామంది. నిక్షేపంగా వెళ్లొచ్చు. దూరం కూడా పెద్దది కాదు, గోద్‌ఖాలి రేవు దాకా రోడ్డు మీద దాదాపు 100 కిలోమీటర్లు. ఇబ్బంది దూరంతో కాదు, మార్పులతో. లోకల్ రైలు, షేర్ ఆటో, ఫెర్రీ, టోటో (బ్యాటరీ రిక్షా), ఆ తర్వాత అడవిలోకి బోటు. ఒకటి దిగి ఇంకోటి ఎక్కుతూ పోవాలి. పొద్దున ఒకచోట గంట ఆలస్యమైతే, సాయంత్రానికి అది రెండు గంటలై కూర్చుంటుంది.

అందుకే ఈ మార్గదర్శిలో ఏం చూడాలన్న దాని కంటే ఎలా చేరాలన్న దాని మీదే ఎక్కువ రాశాను. అడవిని బోటువాళ్లూ గైడూ చూపిస్తారు. అక్కడిదాకా వేళకి చేరడం మాత్రం మీ చేతిలోనే ఉంది.

1. లెక్క చివరి నుంచి మొదలుపెట్టండి

సీల్దాలో రైలు ఎన్నింటికి అన్నది మొదటి ప్రశ్న కాకూడదు. బసకి ఎన్నింటికి చేరాలన్నదే మొదటి ప్రశ్న.

డిసెంబర్‌లో కోల్‌కతా వైపు సాయంత్రం 5 గంటలకి సూర్యుడు అస్తమిస్తాడు. హైదరాబాద్‌లో అదే రోజుల్లో 5:45 దాకా పొద్దు ఉంటుంది. మన అలవాటు ప్రకారం "ఆరులోపు చేరదాం" అనుకుంటే, ఊరు తెలియని ద్వీపంలో చీకట్లో రేవు మెట్లు దిగాల్సి వస్తుంది. కాబట్టి శీతాకాలంలో ఇలా వెనక్కి లెక్కేసుకోండి:

- పాఖిరాలయ్‌లో బసకి చేరాల్సింది (గోసాబా ద్వీపంలో, అడవికి ఎదురుగా ఉన్న ఊరు ఇది): మధ్యాహ్నం 3:30
- గోసాబా రేవులో దిగాల్సింది: 2:30
- గోద్‌ఖాలి రేవుకి చేరాల్సింది: 2:00
- క్యానింగ్‌లో రైలు దిగాల్సింది: 12:30
- సీల్దాలో రైలు ఎక్కాల్సింది: 11:00

ఇది ఆఖరి గడువు. ఇంతకంటే ఆలస్యమయ్యేట్టుంటే ఆ రోజు ప్రయాణం మానుకుని కోల్‌కతాలోనే ఉండిపోవడం మంచిది. అసలు పెట్టుకోవాల్సిన సమయం ఉదయం 7, 8 గంటల రైలు. అలా బయల్దేరితే దారిలో టీ తాగినా, ఒక ఫెర్రీ తప్పినా టెన్షన్ ఉండదు.

తెలుగు రాష్ట్రాల నుంచి రైల్లో వచ్చేవాళ్లు దిగిన రోజే ఈ దారి పట్టొద్దు. రాత్రంతా ప్రయాణం చేసి, రైలు లేటై, మధ్యాహ్నం హౌరాలో దిగి అక్కడినుంచి పరుగెత్తడం అనవసరమైన హైరానా. ఒక రాత్రి కోల్‌కతాలో పడుకోండి.

2. తేదీ ఎంచుకునేటప్పుడు తిథి కూడా చూడండి

నవంబర్ మధ్య నుంచి ఫిబ్రవరి చివరి దాకా మంచి కాలం. మార్చిలో ఎండ మొదలవుతుంది. మే నెల వద్దే వద్దు. ఐలా 2009 మే 25న, అంఫాన్ 2020 మే 20న, యాస్ 2021 మే 26న, రెమాల్ 2024 మే 26న ఈ తీరాలని దెబ్బతీశాయి. నవంబర్ మొదటి పక్షంలో వెళ్తుంటే వాతావరణ శాఖ బులెటిన్ రోజూ చూసుకోండి. బుల్‌బుల్ తుపాను 2019 నవంబర్ 9న వచ్చింది.

రెండు సమయాల్లో రద్దీ విపరీతం. ఒకటి క్రిస్మస్ నుంచి జనవరి 1 దాకా. రెండోది మనవాళ్లు తరచూ పట్టించుకోనిది, సంక్రాంతి. మనకి సెలవులు కాబట్టి అప్పుడే ప్లాన్ వేస్తాం. సరిగ్గా అప్పుడే గంగాసాగర్ మేళా జరుగుతుంది. ఆ యాత్రికులు కాక్‌ద్వీప్, నామ్‌ఖానా వైపు వెళ్లే రైళ్లు కూడా సీల్దా దక్షిణ విభాగం నుంచే బయల్దేరతాయి. పిల్లలతో, పెద్దవాళ్లతో ఆ జనంలో నిలబడటం కష్టం.

ఇక తిథి. ఇక్కడ అన్నీ ఆటుపోట్ల మీద నడుస్తాయి. రోజుకి రెండు పోట్లు (నీళ్లు ఎక్కడం), రెండు పాట్లు (నీళ్లు దిగడం). ఒక పోటు నుంచి తర్వాతి పాటుకి ఆరు గంటల పైచిలుకు పడుతుంది. ఈరోజు ఉన్న సమయం రేపటికి దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. అమావాస్య, పౌర్ణమి వెళ్లిన ఒకటి రెండు రోజులు నీళ్లు బాగా ఎక్కుతాయి, బాగా దిగుతాయి. అష్టమి దాటిన రోజుల్లో ఆ తేడా తక్కువ.

ఎవరెవరికి ఏవి నప్పుతాయంటే:

- అమ్మానాన్నలు, చిన్నపిల్లలు వెంట ఉంటే అష్టమి నుంచి ఏకాదశి మధ్య రోజులు చూసుకోండి. రేవుల్లో మెట్లు మరీ లోతుకి దిగాల్సిన పని ఉండదు.
- ఫోటోల కోసం వెళ్తే అమావాస్య, పౌర్ణమి తర్వాతి రోజులు మేలు. పాటు వేళ బురదగట్లు వెడల్పుగా బయటపడతాయి. చలికాలం ఎండకి మొసళ్లు ఆ గట్ల మీదకే వచ్చి పడుకుంటాయి.

గోడ మీద ఉన్న మామూలు తెలుగు క్యాలెండర్ ఇందుకు సరిపోతుంది. గంటా నిమిషం కావాలంటే హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ (సముద్ర సమాచార కేంద్రం) వెబ్‌సైట్‌లో ఆటుపోట్ల అంచనాలు ఉంటాయి. సాగర్ ద్వీపం దగ్గర పోటు వచ్చాక లోపలి రేవులకి అది చేరడానికి ఇంకొంత సమయం పడుతుంది కాబట్టి, చివరి మాట బోటువాళ్లని అడిగే ఖరారు చేసుకోండి.

3. బయల్దేరక ముందే తేల్చుకోవాల్సినవి మూడు: బస, బోటు, గుర్తింపు కార్డు

బస విషయంలో ఒక్కటే ప్రశ్న ముఖ్యం: "మీది ఏ ద్వీపం, ఏ రేవు?" హోటల్ పేరులో సుందర్‌బన్ అని ఉంటే చాలదు. పాఖిరాలయ్ గోసాబా ద్వీపంలోనే ఉంది, టోటోలో వెళ్లిపోవచ్చు. దయాపూర్ సాత్‌జేలియా ద్వీపంలో ఉంది, ఇంకో నది దాటాలి. బాలి ద్వీపం మళ్లీ వేరే. మొదటిసారి సొంతంగా వెళ్లేవాళ్లకి నేను పాఖిరాలయ్‌నే చెప్తాను. అక్కడ చాలా లాడ్జీలున్నాయి, నదికి అవతలే సజ్నేఖాలి, అంటే అడవి అనుమతులిచ్చే చోటు. సజ్నేఖాలిలోనే పర్యాటక శాఖ లాడ్జి కూడా ఉంది కానీ అది ముందే బుక్ చేసుకోవాలి.

బోటు విషయంలో మీరెంతమంది అన్నది చూసుకోండి. ఇద్దరు ముగ్గురే అయితే బోటంతా మాట్లాడుకోవడం దండగ. బస ఇచ్చేవాళ్లనే షేరింగ్ బోటులో చోటు చూడమనండి. ఆరుగురు, ఎనిమిదిమంది ఉంటే సొంత బోటే హాయి. ఎక్కడ ఎంతసేపు ఆగాలో మీరే చెప్పొచ్చు. ఫోన్లో మాట్లాడేటప్పుడు ఇవి అడిగేయండి:

- అడవిలోకి వెళ్లడానికి అటవీ శాఖ అనుమతి ఉన్న బోటేనా?
- ఎక్కేవాళ్లందరికీ లైఫ్ జాకెట్లు ఉన్నాయా? (పిల్లల సైజు విడిగా అడగండి.)
- బోటులో టాయిలెట్ ఉందా?
- చెప్పిన రేటులో డీజిల్, భోజనం, ప్రవేశ రుసుము, గైడు రుసుము, కెమెరా రుసుము ఏవి కలిశాయి, ఏవి విడి?
- ఏయే వాచ్‌టవర్లు చూపిస్తారు?

నాలుగో ప్రశ్నకి జవాబు వాట్సాప్‌లో రాయించుకోండి. రేవు దగ్గర వచ్చే గొడవల్లో ఎక్కువ భాగం దీని గురించే.

గుర్తింపు కార్డు ప్రతి ఒక్కరికీ అసలుది ఉండాలి, జిరాక్సులు రెండేసి పెట్టుకోండి. విదేశీ పాస్‌పోర్టు ఉన్న బంధువులు మీతో వస్తుంటే ఆ సంగతి బోటువాళ్లకి ముందే చెప్పండి. వాళ్ల కాగితాలు వేరు, రుసుమూ వేరు.

4. సంచి సర్దుకోవడం

సూట్‌కేసు వద్దు. చక్రాల పెట్టె ఇక్కడ ఎందుకూ పనికిరాదు. వీపుకి తగిలించుకునే సంచి ఒకటి, రెండు చేతులూ ఖాళీగా ఉండాలి. రేవు దగ్గరికి వెళ్లాక దీని విలువ తెలుస్తుంది.

- వెనక పట్టీ ఉన్న, అరుగుదల లేని రబ్బరు సోలు చెప్పులు (హవాయి చెప్పులు బురదలో ఊడిపోతాయి)
- స్వెటర్, చెవులు కప్పే టోపీ: జనవరిలో పొద్దున్నే నది మీద గాలి కోస్తుంది
- టోపీ, పొడుగు చేతుల చొక్కా, ముదురాకుపచ్చ లేదా ఖాకీ రంగులైతే మంచిది
- దోమల క్రీము, ఓఆర్ఎస్ ప్యాకెట్లు, రోజూ వేసుకునే మందులు రెండు రోజులకి అదనంగా
- టార్చి, పవర్ బ్యాంక్
- నింపుకోగలిగే నీళ్ల సీసా (ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్‌ని అడవిలోకి తీసుకెళ్లనివ్వరు)
- బైనాక్యులర్
- చిన్న నోట్లు, చిల్లర

నగదు కోల్‌కతాలోనే తీసుకోండి. ఆటో, ఫెర్రీ, టోటో అన్నిటికీ పదులూ ఇరవైలే కావాలి. గోసాబా బజారులో బ్యాంకు ఉంది కానీ దాన్నే నమ్ముకుని వెళ్లకండి. ద్వీపాల్లో ఫోన్ సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది, అది పోయినప్పుడు యూపీఐ కూడా పోతుంది.

శాకాహారులైతే ఆ ముక్క బస బుక్ చేసేటప్పుడే చెప్పండి. ఇక్కడి వంట ఆవనూనెతో ఉంటుంది. అలవాటు లేనివాళ్లు మొదటిరోజు తక్కువ తినడం మంచిది. చిన్న సీసాలో ఆవకాయ పెట్టుకెళ్తే అన్నం దిగుతుంది.

5. సీల్దా చేరడం

హౌరాలో దిగినవాళ్లకి ఇప్పుడు ఇది చాలా సులువైంది. ఎస్ప్లనేడ్, సీల్దా మధ్య మెట్రో ముక్క 2025 ఆగస్టులో మొదలయ్యాక, హౌరా స్టేషన్ నుంచి గ్రీన్ లైన్ ఎక్కితే నది కింద నుంచి నేరుగా సీల్దాలో దిగొచ్చు. పావుగంట కూడా పట్టదు. మునుపటిలా హౌరా బ్రిడ్జి ట్రాఫిక్‌లో ట్యాక్సీ మీటరు చూస్తూ కూర్చోనక్కర్లేదు.

సీల్దా స్టేషన్లో మూడు విభాగాలున్నాయి: మెయిన్, ఉత్తరం, దక్షిణం. క్యానింగ్ లోకల్స్ దక్షిణ విభాగం నుంచే వెళ్తాయి. కొత్తవాళ్లు మెయిన్ హాల్లోకి వెళ్లి బోర్డులో క్యానింగ్ కోసం వెతుకుతూ పదిహేను నిమిషాలు పోగొట్టుకుంటారు. మెట్రో నుంచి పైకి రాగానే "సౌత్ సెక్షన్" అని అడగండి.

దక్షిణ కోల్‌కతాలో బస చేసినవాళ్లకి సీల్దా దాకా వెనక్కి రావాల్సిన పనిలేదు. ఇవే రైళ్లు బాలిగంజ్, జాదవ్‌పూర్, గడియా మీదుగా వెళ్తాయి. కాకపోతే కూర్చునే చోటు కావాలంటే సీల్దాలోనే ఎక్కాలి.

6. క్యానింగ్ లోకల్

దూరం 45 కిలోమీటర్లు, గంటా పావు ప్రయాణం. రిజర్వేషన్ ఉండదు, మామూలు టికెట్టే. కౌంటర్లో గానీ రైల్వే యాప్‌లో గానీ తీసుకోవచ్చు.

పొద్దున పూట ఈ రైళ్ల రద్దీ కోల్‌కతా వైపు వచ్చేవాటిలో ఉంటుంది. క్యానింగ్, ఆ చుట్టుపక్కల ఊళ్ల నుంచి వేలమంది ఆడవాళ్లు నగరంలో ఇళ్లలో పనికి ఈ లోకల్స్‌లోనే వస్తారు. మీరు ఎదురు దిక్కున వెళ్తారు కాబట్టి సీటు దొరికే అవకాశం బాగుంటుంది. సాయంత్రం ఇది తలకిందులవుతుంది. సీల్దా నుంచి సాయంత్రం బయల్దేరే క్యానింగ్ లోకల్ సామానుతో ఎక్కదగ్గది కాదు.

రైలు ముందు రాసిన పేరు క్యానింగ్ అవునో కాదో చూసే ఎక్కండి. బాలిగంజ్ దగ్గరే విడిపోయే బజ్‌బజ్ లోకల్స్ తప్ప దక్షిణ విభాగం రైళ్లన్నీ సోనార్‌పూర్ దాకా ఒకే దారిలో వెళ్తాయి. అక్కడ దారి చీలుతుంది: ఒకటి క్యానింగ్ వైపు, ఇంకోటి బారుయిపూర్ మీదుగా డైమండ్ హార్బర్, నామ్‌ఖానా వైపు. తప్పు రైలెక్కామని తెలిస్తే కంగారు పడకుండా సోనార్‌పూర్‌లో దిగి, వెనక వచ్చే క్యానింగ్ లోకల్ పట్టుకోండి. సోనార్‌పూర్ దాటిపోయాక తెలిస్తే మాత్రం బారుయిపూర్‌లో దిగి వెనక్కి రావాలి.

ఆడవాళ్లకి ప్రత్యేక పెట్టెలుంటాయి. కుటుంబం విడివిడిగా ఎక్కితే క్యానింగ్ ఆఖరి స్టేషన్ కాబట్టి దిగేచోటు గురించి చింత లేదు, అందరూ అక్కడే దిగుతారు.

7. క్యానింగ్ నుంచి గోద్‌ఖాలి

స్టేషన్ బయటికి రాగానే షేర్ ఆటోలు, మ్యాజిక్ బండ్లు ఉంటాయి. "గోద్‌ఖాలి" అని అడగండి. నేరుగా దొరికితే మంచిదే. లేకపోతే సోనాఖాలి దాకా వెళ్లి అక్కడ మారాలి. మాత్లా నది మీద వంతెన దాటి, బాసంతి మీదుగా దారి. అన్నీ కలిపి గంట నుంచి గంటంబావు.

బండి నిండాకే కదులుతుంది. ఖాళీ బండిలో మొదట ఎక్కి కూర్చోవడం కంటే, సగం నిండిన బండి చూసుకుని ఎక్కండి. తొందరుంటే మిగిలిన సీట్లకి డబ్బు ఇచ్చేస్తామంటే వెంటనే తీస్తారు. నలుగురైదుగురు ఉన్నప్పుడు నేనైతే అదే చేస్తాను. ఆ కాస్త ఖర్చుతో అరగంట మిగులుతుంది.

క్యానింగ్‌లోనే టిఫిన్ చేసి, టాయిలెట్ పని చూసుకుని బండెక్కండి. దారిలో మళ్లీ వీలుండదు.

రైలు వద్దనుకునేవాళ్లకి కారు దారి ఉంది. సైన్స్ సిటీ దగ్గర బాసంతి హైవే ఎక్కి బాన్‌తలా, ఘటక్‌పుకుర్, మాలంచా మీదుగా సోనాఖాలి, అక్కడినుంచి గోద్‌ఖాలి. మూడు గంటలు, మూడున్నర. రోడ్డు ఇరుకు, సంతల దగ్గర నిలిచిపోతుంది. కారు గోద్‌ఖాలితో ఆగిపోతుంది, గోసాబా ద్వీపానికి వంతెన లేదు. డబ్బు తీసుకుని బండ్లు చూసుకునే చోట్లు రేవు దగ్గర ఉంటాయి.

8. రేవు: అన్నిటికన్నా జాగ్రత్త ఇక్కడే

గోద్‌ఖాలి నుంచి గోసాబాకి ఫెర్రీ కొద్ది నిమిషాల పనే. కానీ ఈ మొత్తం దారిలో కాలు జారే చోటు ఏదన్నా ఉంటే ఇదే.

పోటు మీద వెళ్తే ఏమీ అనిపించదు. పడవ అంచు రేవు పైమెట్టుకి దాదాపు సమానంగా ఉంటుంది, అడుగేసి ఎక్కేస్తారు. అదే చోటికి పాటు వేళ వెళ్తే వేరే రేవేమో అనిపిస్తుంది. నీళ్లు ఎక్కడో కింద ఉంటాయి. కొద్ది గంటల ముందు మునిగి ఉన్న మెట్లన్నీ బయటపడతాయి. పైమెట్లు ఎండి తెల్లగా ఉంటాయి. కిందికి పోయేకొద్దీ రంగు మారుతుంది, బూడిదరంగు ఒండ్రు పల్చగా, మెరుస్తూ, వెన్న పూసినట్టు పరుచుకుని ఉంటుంది. అక్కడినుంచి పడవ దాకా ఒక్కోసారి చెక్క పలక వేస్తారు. ఎదుటివాళ్లు నెత్తి మీద కూరగాయల గంపతో ఆ పలక మీద నడిచిపోతారు. వాళ్లని చూసి మీరూ అంతే వేగంగా నడవకండి.

దిగే పద్ధతి:

- మెట్టు రంగు చూడండి. ఎండిన చోట మామూలుగా నడవొచ్చు. మెరుస్తున్న చోట పాదం మొత్తం ఆనించి, చిన్న అడుగులేయాలి.
- మెట్టు అంచు మీద కాకుండా లోపలి వైపు అడుగు వేయండి.
- రెండు చేతులూ ఖాళీగా ఉంచుకోండి. ఫోన్ జేబులోకి, కెమెరా సంచిలోకి.
- పలక మీద ఒక్కసారి ఒక్కరే. ముందువాళ్లు దిగేదాకా ఆగండి, లేకపోతే పలక ఊగుతుంది.
- బోటువాడు చెయ్యి ఇస్తే మణికట్టు దగ్గర పట్టుకోండి. వేళ్లు పట్టుకుంటే జారతాయి.
- పెద్దవాళ్లని సామానుతో కలిపి దింపొద్దు. ముందు సామాను పంపి, తర్వాత వాళ్లని ఇద్దరు మధ్యలో పెట్టుకుని దింపండి.

పాటు మరీ కిందికి పోయిన సమయంలో చేరితే, మోకాళ్ల నొప్పులున్నవాళ్లతో తొందరపడి దిగకండి. టీ కొట్టు దగ్గర ఒక గంట కూర్చుంటే నీళ్లు మళ్లీ ఎక్కడం మొదలవుతుంది. పొద్దున 7 గంటల రైలెక్కమని చెప్పింది ఈ గంట కోసమే.

ఇక్కడ పనికొచ్చే బెంగాలీ మాటలు రెండు. పోటుని జోవార్ అంటారు, పాటుని భాటా. "శేష్ ఖేయా కొఖోన్?" అంటే ఆఖరి ఫెర్రీ ఎప్పుడని. వెళ్లేటప్పుడే ఈ ప్రశ్న అడిగి పెట్టుకోండి, తిరుగు ప్రయాణానికి కావాలి. హిందీ కూడా చాలామందికి అర్థమవుతుంది.

9. గోసాబా నుంచి పాఖిరాలయ్

రేవు దాటి బజారులోంచి నడిస్తే టోటోలు, మోటారు వ్యాన్లు ఉంటాయి. ముప్పావుగంట లోపు పాఖిరాలయ్. ఎక్కేముందే రేటు మాట్లాడుకోండి, ఏ లాడ్జో చెప్పండి. బ్యాటరీలు, మందులు ఏమన్నా మర్చిపోతే గోసాబా బజారులోనే కొనేయండి. అవతల చిన్న కొట్లే.

గోసాబాలో ప్రభుత్వ ఆసుపత్రి ఉంది. అంతకంటే పెద్ద అవసరమైతే క్యానింగ్ సబ్ డివిజనల్ ఆసుపత్రికి పోవాలి. పాము కాటు కేసులు అక్కడికి తరచుగా వస్తాయి, వైద్యం తెలిసినవాళ్లున్నారు. రాత్రి పూట గట్ల మీద నడిస్తే టార్చి లేకుండా అడుగు వేయకండి.

10. అనుమతి, గైడు, అడవిలో ఆ ఒక్క రోజు

అనుమతి సజ్నేఖాలి అటవీ కార్యాలయంలో తీసుకోవాలి. మనిషికింత, బోటుకింత, గైడుకింత, కెమెరాకింత అని విడివిడిగా రుసుములుంటాయి. బోటుకి అటవీ శాఖ గుర్తింపు ఉన్న గైడు తప్పనిసరి. మీ కార్డులు బోటువాడికి ఇస్తే లైనులో అతనే నిలబడతాడు. రసీదు మాత్రం మీరు తీసి చూసుకోండి: పేర్లు, తేదీ, ఎంతమంది అన్నవి సరిపోవాలి.

ముందురోజు రాత్రే బోటువాడితో ఈ మూడు మాట్లాడండి: రేపు పాటు ఎన్నింటికి, ఏ పాయలోకి ఎప్పుడు వెళ్లాలి, ఏ వాచ్‌టవర్ ముందు. ఇది మాట్లాడకపోతే రోజూ తిప్పే వరసలోనే తిప్పుతారు. సన్నపాయల్లోకి వెళ్లాలంటే నీళ్లు ఉండాలి. గట్ల మీద జంతువులు కనిపించాలంటే నీళ్లు దిగాలి. ఈ రెంటికీ మధ్య సమయం కుదుర్చుకోవడమే ఇక్కడి నేర్పు. అది మంచి బోటువాడికి బాగా తెలుసు. అడిగితే సంతోషంగా చెప్తాడు.

ఒక రోజులో తేలిగ్గా అయ్యేవి సజ్నేఖాలి, సుధన్యఖాలి, దోబాంకి. దోబాంకిలో రెండు పక్కలా వలతో మూసిన ఎత్తైన నడక దారి ఉంది. నేతిధోపాని ఇంకా లోపల, రోజుకి పరిమితంగానే బోట్లని పంపుతారు కాబట్టి అది కావాలంటే ముందే చెప్పాలి.

మన కోరంగిలో చెక్కవంతెన మీద నడుస్తూ మడచెట్ల మధ్యకి వెళ్లిపోతాం. ఇక్కడ అది కుదరదు. కంచె ఉన్న వాచ్‌టవర్ ఆవరణల్లో తప్ప ఎక్కడా బోటు దిగకూడదు, గట్టు ఎంత ఖాళీగా కనిపించినా సరే. బురదలోంచి నిలువుగా పొడుచుకొచ్చిన శ్వాసవేర్ల మధ్య మనిషి పరుగెత్తలేడు, పులి పరుగెత్తగలదు. గైడు "కూర్చోండి" అంటే వెంటనే కూర్చోండి.

బోటెక్కే ముందు చూసుకోవాల్సినవి:

- అసలు గుర్తింపు కార్డులు, అనుమతి రసీదు
- తాగే నీళ్ల క్యాన్లు బోటులోకి ఎక్కాయా
- లైఫ్ జాకెట్లు లెక్కపెట్టారా
- పాటల స్పీకరు లేదని ఖాయం చేసుకున్నారా (మోత ఉంటే అడవిలో ఏమీ కనిపించదు, నిబంధనలూ ఒప్పుకోవు)
- చెత్త వెనక్కి తెచ్చుకోవడానికి ఒక సంచి

వెలుతురు ఉండగానే బోటు అడవి పరిధి దాటి బయటికి రావాలి. "ఇంకో అరగంట" అని బోటువాడిని బలవంతం చేయకండి, పట్టుబడితే అతని అనుమతికే ఎసరు.

11. ఎక్కువగా జరిగే తప్పులు, వెంటనే చేయాల్సినవి

సీల్దా నుంచే మధ్యాహ్నం 12 దాటి బయల్దేరారు. గోసాబా దాకా వెళ్లి బజారు దగ్గర ఉండే లాడ్జిలో ఆ రాత్రి పడుకోండి. తెల్లారాక పాఖిరాలయ్ వెళ్లొచ్చు. బసవాళ్లకి ఫోన్ చేసి చెప్పండి, సిగ్నల్ ఉండగానే.

క్యానింగ్ స్టేషన్ బయట ఎవరో తక్కువ రేటుకి బోటు ఇప్పిస్తామన్నారు. అక్కడ డబ్బు కట్టకండి. బోటుని కళ్లతో చూసి, అనుమతి సంగతి అడిగి, కొంతే అడ్వాన్సు ఇవ్వండి.

తుపాను హెచ్చరిక వచ్చింది. ఫెర్రీలు ఆపేస్తారు. ఆపాక ద్వీపంలో ఇరుక్కుపోతారు. హెచ్చరిక వినగానే, ఎండ కాస్తున్నా సరే, తొలి ఫెర్రీకి వెనక్కి వచ్చేయండి. బుకింగ్ డబ్బు గురించి తర్వాత మాట్లాడుకోవచ్చు.

పెద్దవాళ్లు రేవు మెట్లు దిగలేమన్నారు. ఝడ్‌ఖాలి వెళ్లండి. క్యానింగ్ వైపు నుంచి అక్కడిదాకా రోడ్డుంది, ఫెర్రీ దాటకుండా నది ఒడ్డుకి, మడచెట్ల దగ్గరికి చేరొచ్చు. గాయపడ్డ పులులని ఉంచే కేంద్రం కూడా అక్కడే ఉంది. అడవి లోపలికి వెళ్లినంత కాదు కానీ, భయపడుతూ పడవెక్కించడం కన్నా ఇది వంద రెట్లు నయం.

12. తిరుగు ప్రయాణం

పాఖిరాలయ్ నుంచి సీల్దాకి ఐదు గంటలు అనుకోండి, పాటుకోసం ఒక గంట కలపండి. ఉదయం 9 లోపు బయల్దేరితే క్యానింగ్‌లో మధ్యాహ్నం లోకల్ దొరుకుతుంది. అప్పుడు రద్దీ తక్కువ.

అదే రాత్రికి ఊరి రైలు పెట్టుకోకుండా ఉంటే మేలు. ఏ రోజు వెళ్తున్నా టికెట్ మీద స్టేషన్ పేరు మళ్లీ చదవండి. ఫలక్‌నుమా హౌరా నుంచి వెళ్తుంది. ఈస్ట్ కోస్ట్, కోరమాండల్ షాలిమార్ నుంచి. హౌరా అయితే సీల్దాలో మెట్రో ఎక్కేయొచ్చు. షాలిమార్‌కి మెట్రో లేదు, సీల్దా నుంచి క్యాబ్‌లో ట్రాఫిక్ దాటుకుని వెళ్లాలి, దానికి గంటన్నర చేతిలో ఉంచుకోండి.